రోగియా, శత్రువా?



ఒక ప్రశ్నతో మొదలుపెడతాము. ఊరిలోకి అంటువ్యాధి వచ్చినప్పుడు, అది సోకిన మనిషి మనవాడా, మన శత్రువా? తీరికగా కూర్చున్న వేళ అడిగితే అందరమూ ఒకే జవాబు చెబుతాము. “మనవాడే, సందేహమేముంది?” అంటాము. కాని వ్యాధి మన వీధి మలుపు దాకా వచ్చిన నాడు కూడా అదే జవాబు చెబుతామా? అక్కడే చిక్కు ఉన్నది. పొరుగు రాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడిన మనవంటి వారికి ఈ చిక్కు మరింత దగ్గరిది. ఎందుకనగా, ఏ ఊరిలోనైనా జబ్బు పుట్టగానే మొదట అనుమానించేది బయటినుండి వచ్చినవారినే.

ఈ ప్రశ్నను ఈసారి పెద్దలకు కొంత వింతగా తోచే దారిలో పరిశీలించదలచాము. మన యౌవనస్థులు బాగా ఎరిగిన జాంబీ సినిమాల దారి అది.

ఈ మాట కొందరికి కొత్త కావచ్చు గనుక ముందు వివరిస్తాము. జాంబీ అనగా చచ్చి లేచి తిరిగే శవం. ఈ నమ్మకం కరిబియన్ సముద్రంలోని హైతీ దేశానిది. అక్కడి చెరకు తోటలలో ఆఫ్రికా ప్రజలు బానిసలుగా చాకిరీ చేశారు. చనిపోయినవాడిని కూడా మంత్రగాడు లేపి పొలంలో పని చేయిస్తాడనే భయం వారి మధ్య ఉండేది. చావుతోనైనా ఈ చాకిరీ తీరదేమో అన్న బానిస గుండెలోని దిగులే ఆ కథకు మూలం. 1932లో అమెరికాలో ‘వైట్ జాంబీ’ అనే చిత్రం దీనిని తెరమీదికి తెచ్చింది. 1968లో జార్జ్ రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ చిత్రంలో మంత్రగాడు లేడు. శుక్రగ్రహం వైపు వెళ్లి వస్తున్న అంతరిక్ష నౌక నుండి వెలువడిన రేడియేషన్ కారణం కావచ్చునని అందులో సూచించారు. ఆ తరువాతి చిత్రాలలో రేడియేషన్ కూడా పోయి, దాని స్థానంలో సూక్ష్మక్రిమి వచ్చింది. 2002లో ఇంగ్లండులో తీసిన ‘28 డేస్ లేటర్’ కథలో ప్రయోగశాలలోని చింపాంజీల నుండి వైరస్ బయటపడుతుంది. 2013లో ‘వరల్డ్ వార్ జెడ్’, 2016లో కొరియావారి ‘ట్రైన్ టు బుసాన్’ వచ్చాయి. అదే 2016లో తమిళంలో ‘మిరుదన్’ వచ్చింది. 2021లో తెలుగులో వచ్చిన ‘జాంబీ రెడ్డి’ కథను కర్నూలు సీమలో నడిపారు. కరోనా టీకా కోసం చేసిన ప్రయోగం వికటించడం అందులో కారణం.

దీనిని బట్టి ఒక సంగతి గ్రహించవచ్చును. కాలం దేనికి భయపడితే జాంబీ దాని బిడ్డ అవుతున్నది. మంత్రానికి భయపడిన రోజుల్లో మంత్రం, అణువుకు భయపడిన రోజుల్లో రేడియేషన్, వ్యాధికి భయపడే రోజుల్లో వైరస్. ఇప్పుడు ఈ చిత్రాలలో తెల్లకోటు వేసుకున్న శాస్త్రజ్ఞులు ఉంటారు, సూక్ష్మదర్శినులు ఉంటాయి, ఎర్రరంగు వ్యాపించే దేశపటాలు ఉంటాయి.

“కట్టుకథే కదా, అందులో శాస్త్రం వెదకడమెందుకు?” అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. శవాలు లేచి నడుస్తాయని మన పిల్లలు నమ్మరు. కాని అంటువ్యాధి ఎలా వస్తుంది, ఎలా పాకుతుంది, అది వచ్చినప్పుడు జనం ఎలా ప్రవర్తిస్తారు అనే బొమ్మ మాత్రం మనసులో నిలిచిపోతుంది. పాఠశాలలో నేర్పని పాఠాన్ని తెర నేర్పుతుంది. ఈ బలాన్ని శాస్త్రజ్ఞులే గుర్తించారు. 2011 మే నెలలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. వారు, జాంబీలు వస్తే ఏమి సిద్ధం చేసుకోవాలి అంటూ ప్రజలకు ఒక ప్రకటన ఇచ్చారు. మంచినీళ్లు, నిలువ ఉండే ఆహారం, మందులు, చెదరిపోయిన కుటుంబమంతా కలుసుకోవలసిన చోటు మొదలైనవి అందులో చెప్పారు. తుపానుకైనా భూకంపానికైనా అవే కావాలి. తుపాను పేరు చెబితే వినని జనం జాంబీ పేరు చెబితే విరగబడి చదివారు. గనుక ఈ సినిమాలు చూడరాదని మేము చెప్పడం లేదు. వాటిలోని శాస్త్రం ఎక్కడ తప్పుతున్నది, ఆ తప్పు వెంట మన నీతి ఎటు పోతున్నది అని మాత్రం అడుగుతున్నాము.

మొదటిది, కాలం సంగతి. ‘వరల్డ్ వార్ జెడ్’లో కరిచిన పన్నెండు సెకండ్లకు మనిషి మారిపోతాడు. ‘28 డేస్ లేటర్’లోనూ లెక్క సెకండ్లలోనే. నిజమైన వ్యాధులలో దీనికి కొంచెం పోలిక గలది రేబీస్, అనగా పిచ్చికుక్క కాటు వలన వచ్చే జబ్బు. అది కూడా కాటు ద్వారా, లాలాజలం ద్వారా వస్తుంది. మెదడును పట్టుకుంటుంది. రోగిలో ఆందోళన, నీళ్లంటే భయం కలిగిస్తుంది. లక్షణాలు కనబడిన తరువాత బ్రతకడం దాదాపు అసాధ్యం. ప్రపంచంలో ఏటా దాదాపు 59,000 మంది దీనివల్ల మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో మూడవ వంతు మన దేశంవారే. ఇంత భయంకరమైన జబ్బులో కూడా కాటుకూ లక్షణాలకూ మధ్య ఎడం ఉన్నది. వైరస్ నరాల వెంట మెల్లగా మెదడుకు పాకుతుంది. సాధారణంగా ఒకటి నుండి మూడు నెలలు పడుతుంది. ఆ ఎడంలోనే మనిషికి మనిషి చేయగలిగిన మేలంతా ఉన్నది. గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లి టీకా మందు వేయించాలి. 1885 జూలై 6వ తేదీన లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల బాలునికి టీకా మొదలుపెట్టాడు. ఆ బాలుడు బ్రతికాడు. తమిళనాడులో నీలగిరి కొండలమీద కూనూరులో 1907లో వెలసిన పాశ్చర్ సంస్థ ఈ పని కోసమే పుట్టింది. కాటుకూ జబ్బుకూ మధ్య దినాలే లేకపోతే పాశ్చరూ లేడు, కూనూరూ లేదు.

సినిమా ఆ దినాలను తీసివేసింది. ఎందుకు? కథ వేగంగా నడవడానికి అనవచ్చు. కాని దానితోపాటు మరొకటి కూడా జరిగింది. మన కర్తవ్యం కూడా మాయమైంది. కరిచినవెంటనే మారిపోయేవాడికి గాయం కడగనక్కరలేదు, ఆసుపత్రికి మోసుకుపోనక్కరలేదు, మంచం ప్రక్కన కూర్చోనక్కరలేదు. మారాడో లేదో అన్న సందేహంతో రాత్రి గడపనక్కరలేదు. నిజమైన రోగం మనకు సందేహాన్ని ఇస్తుంది, సందేహంతోపాటు బాధ్యతను ఇస్తుంది. సినిమా రోగం రెండింటినీ ఒక్క దెబ్బతో తీసివేస్తుంది.

రెండవది, అందరికీ సోకుతుందనే మాట. జాంబీ కథలో ఊరికి ఊరు, దేశానికి దేశం మారిపోవలసిందే. ఈ విషయంలో నిజమైన లెక్క మన దేశపు దుఃఖం నుండే వచ్చిందని చాలామందికి తెలియదు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు అంటువ్యాధుల గణితం మీద ఒక వ్యాసం ప్రచురించారు. మెకెండ్రిక్ ఇండియన్ మెడికల్ సర్వీసులో పని చేసినవాడు, కసౌలీలోని పాశ్చర్ సంస్థకు అధిపతిగా ఉన్నవాడు. కెర్మాక్ రసాయన శాస్త్రజ్ఞుడు. 1924లో ప్రయోగశాలలో జరిగిన ప్రమాదంలో రెండు కళ్లూ పోగొట్టుకొని కూడా లెక్కలు మనసులో కట్టినవాడు. వారు తమ లెక్కను సరిచూసుకొన్నది 1905 డిసెంబరు నుండి 1906 జూలై వరకు బొంబాయిలో ప్లేగుతో వారం వారం చనిపోయినవారి సంఖ్యలతో.

ఆ లెక్కను సులభంగా చెప్పవచ్చు. ఊరి జనాన్ని మూడు గదులుగా ఊహించండి. మొదటి గదిలో జబ్బు ఇంకా రానివారు. రెండవ గదిలో జబ్బుతో ఉన్నవారు. మూడవ గదిలో కోలుకొన్నవారు లేదా చనిపోయినవారు. జబ్బు పాకేకొద్దీ మొదటి గది పలుచబడుతుంది. రోగికి ఎదురుపడే కొత్తవారు తగ్గుతారు. అలా తగ్గి తగ్గి, మొదటి గదిలో ఇంకా మనుషులు మిగిలి ఉండగానే వ్యాధి చల్లారిపోతుంది. అనగా అంటువ్యాధి ఆగడానికి అందరూ దాని పాలు కానవసరం లేదు. వారు తేల్చిన ముఖ్యమైన మాట ఇదే.

2009లో కెనడాలోని ఒట్టావా నగరపు గణిత శాస్త్రజ్ఞులు కొందరు ఇదే మూడు గదుల లెక్కను జాంబీలకు వర్తింపజేసి చూశారు. వినోదం కోసం చేసినదే అయినా లెక్క నిజమైనదే. మూడవ గదిలోని చచ్చినవారు మళ్లీ లేచి రెండవ గదిలోకి వస్తారు గనుక జబ్బు చల్లారదని, వెంటనే గట్టిగా, మళ్లీ మళ్లీ దాడి చేసి చంపితే తప్ప మనుష్యజాతి మిగలదని జవాబు వచ్చింది. చూశారా, కథలో ఒక్క నియమం మార్చగానే చంపడమే న్యాయమని గణితం కూడా చెప్పవలసి వచ్చింది. తప్పు గణితంలో లేదు, ఆ నియమంలో ఉన్నది.

ఇంతకూ ఆ కథ నుండి ఎవరిని తొలగించారు? కోలుకొన్నవాడిని. జాంబీ సినిమాలలో జబ్బుపడి లేచినవాడు దాదాపు కనబడడు. నిజమైన చరిత్రలో రోగులకు పెద్ద దిక్కు అతడే. క్రీస్తుపూర్వం 430లో ఏథెన్సు నగరంలో మహామారి వచ్చినప్పుడు దాని బారినపడి బ్రతికిన థూసిడిడీస్ అనే చరిత్రకారుడు ఆ సంగతులు వ్రాశాడు. అందరూ భయపడి దూరమైన వేళ రోగులపట్ల ఎక్కువ జాలి చూపినవారు ఆ జబ్బు వచ్చి తగ్గినవారే. ఆ బాధ వారికి తెలుసు, మళ్లీ వస్తే చావు రాదని కూడా తెలుసు. మశూచి విషయంలోనూ అంతే. ఒకసారి వచ్చి తగ్గినవారు భయం లేకుండా రోగి మంచం దగ్గర కూర్చోగలిగేవారు. రోగి నేడు మన సేవ పొందేవాడు మాత్రమే కాదు, రేపు మనకు సేవ చేయగలిగినవాడు. అతడిని చంపే కథ ఆ రేపటిని కూడా చంపుతున్నది.

మూడవది, ఒంటరి వీరుని సంగతి. ‘వరల్డ్ వార్ జెడ్’లో ఒక్క మనిషి విమానాలలో ఖండాలు దాటి, చివరకు వేల్స్ దేశంలోని ఒక ప్రయోగశాలలో ఉపాయం కనిపెడతాడు. నిజంగా ఒక మహావ్యాధిని భూమిమీద లేకుండా చేసిన కథ మనకు తెలుసు. అది మశూచి. 1975 మే నెలలో మన దేశంలో చివరి కేసు కనబడింది. 1980 మే నెలలో ప్రపంచమంతటా మశూచి అంతరించిందని ప్రకటించారు. అందరికీ టీకాలు వేయడం కంటె, రోగి ఎక్కడున్నాడో కనిపెట్టి అతని చుట్టూ ఉన్నవారికి ముందు టీకాలు వేయాలనే పద్ధతిని నైజీరియాలో మిషను వైద్యునిగా ఉన్న విలియం ఫేగీ 1966లో ప్రయోగించి చూశాడు. తరువాత అతడు మన దేశానికి కూడా వచ్చాడు. కాని పని చేసినది ఆయన ఒక్కడు కాదు. వేలమంది ఆరోగ్య కార్యకర్తలు మశూచి బిడ్డ బొమ్మ ఉన్న అట్టముక్క చేతబట్టుకొని ఇంటింటికీ, సంత సంతకూ తిరిగి, “ఇలాంటి జబ్బు ఎక్కడైనా చూశారా?” అని అడిగారు. వారి పేర్లు ఏ తెరమీదా పడలేదు. వారు రోగిని వెదికింది చంపడానికి కాదు, అతని ఇంటి ముందు కాపలా పెట్టి, చుట్టుప్రక్కలవారిని కాపాడడానికి.

ఇక్కడ నిజాయితీగా మరొక మాట కూడా చెప్పాలి. ఆ మహత్కార్యంలో కూడా కొన్నిచోట్ల ఇష్టం లేనివారిని పట్టుకొని బలవంతంగా టీకాలు వేసిన సంఘటనలు ఉన్నాయి. పదిమంది క్షేమం కోసం ఒకని ఇష్టాన్ని ఎంతవరకు త్రోసివేయవచ్చును? ఇది నిజమైన నీతి ప్రశ్న. దీనికి సులభమైన జవాబు లేదు. జాంబీ సినిమా ఈ ప్రశ్నను అడగనే అడగదు. అక్కడ సోకినవాడికి ఇష్టమే లేదు గదా!

నాల్గవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఆ కథలలో సోకిన క్షణం నుండి మనిషికి పేరు పోతుంది. తల్లి తల్లి కాదు, అన్న అన్న కాదు. అది ఒక ‘అది’. అప్పుడు దానిని కొట్టి చంపినా ఎవరి చేతికీ రక్తం అంటదు. ఈ అనుమతి కోసమే మిగిలిన తప్పుశాస్త్రమంతా అమర్చినట్టు మాకు తోస్తున్నది. మధ్యలో దినాలుంటే మనిషి ముఖం కనబడుతుంది. కోలుకొనేవాడుంటే చంపడం హత్య అవుతుంది. మందుంటే ఓపిక పట్టవలసి వస్తుంది. అందుకే అవన్నీ తీసివేశారు.

అయితే ఆ చిత్రాలలో మంచివి ఈ సంగతిని తామే గ్రహించాయని ఒప్పుకోవాలి. 1968 నాటి చిత్రంలో రాత్రంతా పోరాడి బ్రతికి బయటపడిన నల్లజాతి యువకుడు, తెల్లవారిన తరువాత జాంబీలను వేటాడుతూ వచ్చిన మనుషుల తుపాకీకే బలి అవుతాడు. వారు అతడిని పలకరించలేదు, చూసి కాల్చారు. ‘ట్రైన్ టు బుసాన్’లో జబ్బు సోకనివారు ప్రాణాలకు తెగించి మరొక పెట్టెలోకి వస్తే, అక్కడివారు వీరికి సోకి ఉండవచ్చునని వేరుచేసి పంపివేస్తారు. ‘28 వీక్స్ లేటర్’ అనే 2007 చిత్రంలో వైరస్ సోకినా జబ్బుపడని స్త్రీ ఒకతె ఉంటుంది. ఇది శాస్త్రానికి దగ్గరైన సంగతే. లక్షణాలు లేకుండా క్రిమిని మోసేవారు టైఫాయిడ్‌లోనూ ఉంటారు, కరోనాలోనూ ఉన్నారు. ఆ చిత్రంలో ఎవరికి సోకిందో, ఎవరికి సోకలేదో తెలియనప్పుడు అందరినీ కాల్చమని సైనికులకు ఆజ్ఞ వస్తుంది. భయం తన లెక్కను చివరిదాకా చేస్తే వచ్చే జవాబు అదే. మొదట రోగి, తరువాత అనుమానితుడు, ఆ తరువాత అందరూ.

ఇదంతా తెరమీది మాట. నేలమీద ఏమి జరిగిందో చూద్దాము. 1897లో పూణెలో ప్లేగు వచ్చింది. రాండ్ అనే అధికారి క్రింద ప్లేగు కమిటీ ఏర్పడింది. సోల్జర్లు ఇండ్లలో జొరబడి సోదాలు చేశారు. రోగులను, వారి ఇంటివారిని శిబిరాలకు తరలించారు. సామాను తగులబెట్టారు. జనం ప్లేగుకంటె ప్లేగు కమిటీకి ఎక్కువ భయపడ్డారు. చివరకు ఆ ఏడు జూన్ 22న చాపేకర్ సోదరులు రాండ్‌పై కాల్పులు జరిపారు. అతడు మరణించాడు, వారు ఉరికంబం ఎక్కారు. ఇందులో గమనించవలసిన శాస్త్ర సంగతి ఒకటున్నది. ప్లేగు ఎలుకలమీది గోమార్లు, అనగా ఈగువంటి చిన్న పురుగుల ద్వారా వస్తుందని పాల్ లూయీ సైమండ్ కరాచీలో కనుగొన్నది మరుసటి సంవత్సరం 1898లో. బుబోనిక్ ప్లేగు మనిషి నుండి మనిషికి సోకడం అరుదు. అనగా సోల్జర్లు మనుషులను వెదకుతూ ఉంటే జబ్బు ఎలుకల వెంట తిరుగుతూ ఉన్నది. శాస్త్రం తెలియక మనిషిని శత్రువుగా చూశారు. మనిషిని శత్రువుగా చూసినందువల్ల అసలు శత్రువు కనబడలేదు.

అదే పూణె, అదే సంవత్సరం, అదే ప్లేగు. సావిత్రీబాయి ఫూలే తన కుమారుడైన డాక్టరు యశ్వంత్ ఊరి బయట తెరచిన చికిత్సాలయంలో రోగులకు సేవ చేసింది. జబ్బుపడిన ఒక పిల్లవాడిని వీపుమీద మోసుకొచ్చింది. ఆ సేవలో తనకే ప్లేగు సోకి 1897 మార్చి 10న కన్నుమూసింది. ఆమెకు ప్లేగు గురించి రాండ్ కంటె ఎక్కువ శాస్త్రం తెలుసునని చెప్పలేము. ఆమె కూడా రోగులను ఊరిలో ఉంచలేదు, ఊరి బయటికే చేర్చింది. వేరు చేయడం ఇద్దరూ చేశారు. కాని ఒకరు ఈడ్చుకుపోయారు, ఒకరు మోసుకుపోయారు. మా ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే దొరుకుతుందని మా నమ్మకం.

దగ్గరి కాలానికి వద్దాము. 1994 సెప్టెంబరులో సూరత్ నగరంలో ప్లేగు వార్త పుట్టగానే లక్షలాది జనం రైళ్లు పట్టుకొని పారిపోయారు. మగ్గాల మీద బ్రతికే తెలుగువారు అక్కడ ఎందరో ఉన్నారు. రోగులను చూడవలసిన ప్రైవేటు వైద్యులలో కూడా చాలామంది వెళ్లిపోయారని అప్పటి పత్రికలన్నీ వ్రాశాయి. చనిపోయినవారు యాభై పైచిలుకు. ఆ తరువాత 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు ఆధ్వర్యంలో మురికి ఎత్తించి, మురుగు పారించి, ఊరి రూపమే మార్చారు. ఊరిని బాగుచేసింది పరుగూ కాదు, తుపాకీ కాదు, చీపురు.

2020లో కరోనా వచ్చింది. ఆ మార్చి నెలాఖరున ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో, ఇంటిదారి పట్టిన వలస కూలీలను రోడ్డుమీద కూర్చోబెట్టి, బస్సులు కడిగే మందు వారిమీద పిచికారీ చేశారు. పిల్లలు కూడా అందులో ఉన్నారు. ఏప్రిల్‌లో చెన్నైలో కరోనాతో మరణించిన ఒక వైద్యుని సమాధి చేయడానికి తీసుకుపోతే, గుంపు అడ్డుపడి అంబులెన్సుమీద రాళ్లు రువ్వింది. తోటి వైద్యుడొకరు కొద్దిమంది పనివారితో కలిసి రాత్రివేళ తన చేతులతోనే మట్టి పూడ్చవలసి వచ్చింది. జాగ్రత్తలతో పాతిపెట్టిన శరీరం నుండి జబ్బు రాదని వైద్యులు అప్పటికే చెప్పి ఉన్నారు. అయినా ఆ గుంపు కళ్లకు అది ఒక మనిషి భౌతికకాయంగా కనబడలేదు. మట్టిలో పెట్టినా లేచి వచ్చేదానివలె కనబడింది. మరణించినవారిని గౌరవంగా మట్టికి అప్పగించడం ఎంత గొప్ప కర్తవ్యమో ఎరిగిన మన సంఘాలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

“అయితే భయపడడమే తప్పా? ఇంట్లో పసిబిడ్డలు, ముసలివారు ఉండగా దూరం పాటించవద్దా?” అని అడుగుతారు. భయం తప్పు కాదు. దూరం కూడా తప్పు కాదు. అంటువ్యాధిలో దూరమే కొన్నిసార్లు ప్రేమ. 1377లో ఏడ్రియాటిక్ తీరాన రగూసా అనే రేవు పట్టణంలో, ప్లేగు ఉన్న చోట్ల నుండి వచ్చినవారిని ముప్పై దినాలు బయట నిలిపే శాసనం చేశారు. తరువాత అది నలభై దినాలైంది. క్వారంటైన్ అనే మాట ఇటలీ భాషలోని నలభై నుండే వచ్చింది. గమనించండి, దానికి లెక్క ఉన్నది. నలభైయొకటవ దినాన తలుపు తెరుచుకుంటుంది.

కావున వేరుచేయడం న్యాయమో కాదో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు చాలునని మాకు తోస్తున్నది. ఈ దూరానికి ముగింపు దినం ఉన్నదా? మూసిన తలుపు దగ్గరకు అన్నం, మందు, పలకరింపు చేరుతున్నాయా? రేపు మనకే జబ్బు వస్తే ఇదే ఏర్పాటును మనం ఒప్పుకుంటామా? మూడింటికీ అవునని చెప్పగలిగితే అది రక్షణ. ఒక్కదానికైనా కాదనవలసి వస్తే, దానికి మనం ఏ శాస్త్రం పేరు పెట్టినా అది వెలివేత.

కుష్ఠు విషయంలో మన దేశం ఈ మూడు ప్రశ్నలలోనూ తప్పింది. ఆ క్రిమిని నార్వేలో హాన్సెన్ 1873లోనే కనుగొన్నాడు. అది తేలికగా అంటే జబ్బు కాదని, ఎక్కువమందికి సహజంగానే దానిని తట్టుకొనే శక్తి ఉన్నదని తరువాత తెలిసింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. అయినా రోగులను నిర్బంధించే 1898 నాటి చట్టం 2016 దాకా పుస్తకాలలో ఉన్నది. కుష్ఠు కారణంగా విడాకులు కోరవచ్చుననే నిబంధన 2019 దాకా నిలిచింది. ఎందరో స్త్రీపురుషులు బ్రతికి ఉండగానే చచ్చినవారి లెక్కలో జీవించారు. హాలీవుడ్‌లో జాంబీని కల్పించడానికి చాలాకాలం ముందే ఊరి చివర దానిని మనమే తయారు చేశాము.

నేడు మన మధ్య ఈ పరీక్ష క్షయ రూపంలో ఉన్నది. ప్రపంచంలోని క్షయ రోగులలో దాదాపు నాలుగవ వంతు మన దేశంలోనే ఉన్నారు. ఇరుకు గదులు, గాలి ఆడని ఇండ్లు, దుమ్ములో పని, చాలీచాలని తిండి ఉన్నచోట అది ఎక్కువ. కూలికోసం ఊరు మారినవారి బ్రతుకులు ఇలాంటివేనని వేరే చెప్పాలా? ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షా ఉచితమే, మందూ ఉచితమే. సరైన మందు మొదలుపెట్టిన కొద్ది వారాలకే చాలామంది నుండి ఇతరులకు సోకే అవకాశం బాగా తగ్గిపోతుంది. సాధారణ క్షయ ఆరు నెలల మందుతో నయమవుతుంది. ఇంత ఉండగా రోగి ఎందుకు దాచుకుంటాడు? ఇల్లుగలవారు ఖాళీ చేయమంటారని, పనిలోనుండి తీసివేస్తారని, కూతురి సంబంధం తప్పిపోతుందని దాచుకుంటాడు. దాచుకొని దగ్గుతూనే ఉంటాడు. అప్పుడు జబ్బు పదిమందికి పాకుతుంది. రోగిని శత్రువుగా చూసే ఊరిలో రోగం సుఖంగా బ్రతుకుతుంది. ఇది ఉపదేశం కోసం చెప్పే మాట కాదు, వ్యాధి శాస్త్రం చెప్పే మాటే.

కావున మన యౌవనస్థులకు మా మనవి. ఆ చిత్రాలు చూసినప్పుడు మీలో మీరు చర్చించుకోండి. ఈ కథలో కోలుకొన్నవాడు ఎక్కడ? జబ్బుపడినవాడిని పేరుపెట్టి పిలిచినవాడు ఎవరు? తలుపు మూసినవారు దానిని మళ్లీ ఎప్పుడు తెరుస్తామని అనుకున్నారు? పెద్దలకు కూడా ఒక మనవి. మీ పేటలో ఎవరికైనా క్షయ అని తేలినట్లు విన్న యెడల, ఆ మాట మరొకరి చెవిన వేయక ముందు వారి ఇంటికి వెళ్లండి. కిటికీ తెరిచి ఉంచి కూర్చోండి, కావలిస్తే ముఖానికి గుడ్డ కట్టుకోండి. మందులు ఎన్ని నెలలు వాడమన్నారో, ఎవరు తెచ్చిపెడుతున్నారో అడగండి. ఇంటివారితో మాట్లాడవలసి వస్తే మీరే వెళ్లి మాట్లాడండి. ఆరు నెలలు గడిచి మందు పూర్తయిన దినాన మళ్లీ వెళ్లి, వారి ఇంట్లో కాఫీ త్రాగి రండి.